బండి లోపల అంటు, బండి బయట ఆదివాసి: అరకు నుంచి ‘స్టేజ్‌కోచ్’

జాన్ ఫోర్డ్ 1939లో తీసిన ‘స్టేజ్‌కోచ్’ గురించి ఫిల్మ్ సొసైటీల్లో మనం వినే మాట దాదాపు ఒకటే. ఒకరితో ఒకరికి పొసగని తొమ్మిదిమంది ఒకే గుర్రబ్బండిలో ఎడారి దాటుతారు. దారిలో ఆపద వస్తుంది. ఆపదలో ఎవరి అసలు గుణం వాళ్ళు బయటపెడతారు. పెద్దమనిషి అనుకున్నవాడు దొంగ అని తేలతాడు, వెలిపడ్డ ఆడది మనిషిగా నిలబడుతుంది. మానవతావాదం అంటే ఇదీ అని ముగిస్తారు. ఇది అబద్ధమని మేం అనడంలేదు. అయితే ఆ తొమ్మిదిమందికి ఆపదగా వచ్చినవాళ్ళు ఎవరు, ఆ బండి పోతున్నది ఎవరి నేల మీద అనే ప్రశ్నలకి ఆ మానవతావాదంలో చోటెందుకు లేదో అడగాలి. దళిత విమర్శ ఈ సినిమా చూస్తే సగం సినిమా మనదే అనిపిస్తుంది. ఆ సగం దగ్గరే ఆగిపోతే మిగతా సగం కొండమీది వాళ్ళ నెత్తిన పడుతుంది. మా గొడవంతా అక్కడే.

సినిమా పుట్టుక గురించి రెండు ముక్కలు చాలు. ఎర్నెస్ట్ హేకాక్స్ 1937లో రాసిన చిన్న కథ దీనికి ఆధారం. మపాసా రాసిన ‘బూల్ ద స్వీఫ్’ కథ ఛాయలు కూడా కనిపిస్తాయి. అందులోనూ పరువుగల వాళ్ళ బండిలో ఒక వేశ్య ఉంటుంది. ఆమె తెచ్చుకున్న తిండి తిని, అవసరం తీరాక ఆమె మొహం చూడరు. 1930ల హాలీవుడ్‌లో కౌబాయ్ సినిమా అంటే ఎక్కువగా చవక సరుకు కిందే లెక్క. వాల్టర్ వాంగర్ అనే నిర్మాత పెద్ద తారలు లేకుండా, రంగులు లేకుండా, అదుపులో ఉండే ఖర్చుతో దీన్ని తీయించాడు. జాన్ వేన్ అప్పటికి చిన్న సినిమాల హీరో. టైటిల్స్‌లో ముందు పడే పేరు క్లేర్ ట్రెవర్‌ది. ఖర్చు తగ్గించుకున్నారనే సంగతి గుర్తుంచుకోవాలి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాం.

కథ టోంటో అనే ఊళ్ళో మొదలవుతుంది. ఆ ఊరి మర్యాదస్తులైన ఆడవాళ్ళు సంఘం కట్టి డల్లాస్ అనే వేశ్యనీ, డాక్టర్ బూన్ అనే తాగుబోతునీ ఊళ్ళోంచి వెళ్ళగొడుతున్నారు. ఊరంతా చూస్తుండగా ఆమెను బండిదాకా నడిపించి ఎక్కిస్తారు. అదే బండిలో సైనికాధికారి భార్య లూసీ ఎక్కుతుంది, నిండు గర్భిణి. ఆమెకి రక్షణ అని హాట్‌ఫీల్డ్ అనే జూదరి ఎక్కుతాడు, దక్షిణాది భూస్వామ్య కుటుంబం వాడు. సారా అమ్ముకునే పీకాక్, బ్యాంకు సొమ్ము సంచిలో వేసుకుని పారిపోతున్న గేట్‌వుడ్, జైలు తప్పించుకుని దారిలో కలిసిన రింగో. పైన బండి తోలే బక్, పక్కన మార్షల్ కర్లీ. అమెరికాలో కులం లేదుకదా, ఇక్కడి కొలత అక్కడ ఎట్లా పెడతారని అడిగే మిత్రులున్నారు. మేం కొలత పెట్టనక్కర్లేదు, సినిమాయే పెట్టి చూపిస్తుంది.

మొదటి మజిలీ డ్రై ఫోర్క్. పటాలం తోడు ఇక రాదు, ముందుకు పోవాలా వెనక్కి మళ్ళాలా అని ఓటు పెడతారు. మార్షల్ లూసీని అడిగి మిగతా మగవాళ్ళ వైపు తిరుగుతాడు. డల్లాస్ అక్కడే ఉంది, కానీ అడగాలని అతనికి తోచదు. రింగో ఆపి గుర్తుచేస్తే అప్పుడు అడుగుతాడు. తర్వాత తిండి. రింగో కుర్చీ జరిపి డల్లాస్‌ని బల్ల దగ్గర కూర్చోబెడతాడు. లూసీ మొహం చూసి హాట్‌ఫీల్డ్, కిటికీ దగ్గర చల్లగా ఉంటుందని చెప్పి ఆమెను బల్ల ఆ చివరికి తీసుకుపోతాడు. బ్యాంకు దొంగ కూడా లేచి అటే పోతాడు. మైల తగుల్తుందని ఒక్కరూ నోటితో అనరు. చల్లగాలి అంటారు. జైలునుంచి వచ్చింది తనుకదా, తనని చూసే లేచిపోయారని రింగో అనుకుంటాడు. అంటు అలవాటు లేనివాడికి అంటు కనిపించదు.

ఇక నీళ్ళు. ఎడారిలో బండి పోతుంటే లూసీకి దాహం వేస్తుంది. హాట్‌ఫీల్డ్ తన దగ్గరున్న మడత వెండి కప్పు తీసి అందులో పోసి ఇస్తాడు. రెండో ఆమె సంగతేమిటని రింగో అడుగుతాడు. హాట్‌ఫీల్డ్ కప్పు మూసి జేబులో పెట్టుకుంటాడు. డల్లాస్ బుడ్డి ఎత్తి తాగుతుంది. ఈ దృశ్యం గురించి మనకి ఏ సినిమా పండితుడూ చెప్పనక్కర్లేదు. టీ కొట్లో రెండు గ్లాసులు చూసినవాళ్ళం. 1927లో మహద్ చెరువులో అంబేద్కర్ దోసిలి ముంచింది ఈ కప్పు కోసమే. 1985లో కారంచేడు మాదిగపల్లె మీద దాడికి దారితీసిన గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. ప్రపంచ సినిమాలో అంటరానితనాన్ని ఇంత తక్కువ మాటల్లో చూపించిన చోటు మాకు మరొకటి తెలీదు. ఫోర్డ్ గొప్పతనాన్ని ఒప్పుకోవడానికి మాకేం అభ్యంతరంలేదు.

అపాచీ వెల్స్ మజిలీలో లూసీకి కాన్పు అవుతుంది. తాగుబోతు డాక్టరు కాఫీ తాగి తాగి మత్తు దింపుకుని పురుడు పోస్తాడు. రాత్రంతా మేలుకుని పసిబిడ్డను ఎత్తుకున్నది డల్లాస్. కప్పు అంటరాదు, బిడ్డని అంటవచ్చు! మన ఊళ్ళల్లో మంత్రసానులు ఏ వాడనుంచి వచ్చేవారో తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. చివర లార్డ్స్‌బర్గ్ చేరాక లూసీ ఆమెతో ఏదో చెప్పబోయి, ఎప్పుడైనా ఏదైనా అవసరమైతే అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతుంది. డల్లాస్ అర్థమైందన్నట్టు తలూపుతుంది. ఆ వాక్యం పూర్తికాదు. ఫోర్డ్ దాన్ని పూర్తిచేయించకపోవడం నిజాయితీయే.

ఇంతవరకు చూస్తే బండి లోపలి సినిమా మనది. బండి లోపల ఈ అంటు ఎట్లా కరిగిందో చూడాలి. లూసీ ఆలోచన మారి కరిగిందా? హాట్‌ఫీల్డ్ సిగ్గుపడి కరిగిందా? అట్లా ఏం జరగలేదు. పీకాక్ గుండెల్లోకి ఒక బాణం వచ్చి గుచ్చుకుంటుంది, అక్కడినుంచి బండి మొత్తం ఒకే కుటుంబం. వెనక గుర్రాల మీద అపాచీలు. లోపల బిడ్డ డల్లాస్ ఒడిలో. జైలు పక్షి చేతికి తుపాకీ, మార్షల్ పక్కన సమాన హోదా. డాక్టరూ జూదరీ భుజం భుజం కలిపి కాల్పులు. మొత్తం సినిమాలో ఊరివాళ్ళూ వెలివాళ్ళూ కలిసి చేసిన మొదటి పని ఆదివాసుల్ని చంపడం. లోపలి సమానత్వానికి కట్టిన వెల ఇది. ఆ వెల చెల్లించినవాళ్ళు బండిలో లేరు, బండి ఎక్కుతామని ఎవరినీ అడగలేదు కూడా.

హాట్‌ఫీల్డ్ చివరి గుండు సంగతి ఇక్కడే చెప్పాలి. తూటాలు అయిపోతాయి. మిగిలిన ఒక్కటీ అతను అపాచీల మీద వాడడు. ప్రార్థన చేసుకుంటున్న లూసీ తలకి గురిపెడతాడు. ఆదివాసి చేతికి చిక్కడం కన్నా చావడం ఆమెకి మేలని అతని నిర్ణయం, ఆమెనేం అడగలేదు. అంతలో అతనికే దెబ్బ తగులుతుంది, పటాలం బూర వినిపిస్తుంది. మామూలు ప్రేక్షకుడు దీన్ని త్యాగం కింద చూస్తాడు. మనకి దీని పేరు తెలుసు: పరువు హత్య. వెండి కప్పు పట్టిన చెయ్యే ఈ తుపాకీ పట్టింది. గమనించండి, ఆ గుండు డల్లాస్ కోసం దాచలేదు. పరువు ఉన్న ఆడదానికే ఆ గౌరవం!

ఈ సినిమాని మేం అరకు, హుకుంపేట, అనంతగిరి వైపునుంచి వచ్చి చదువుకుంటున్న కొందరు విద్యార్థులతో కలిసి చూశాం. వాళ్ళల్లో కొండదొర, కోటియా, వాల్మీకి, గదబ పిల్లలున్నారు. ఇంటి దగ్గర కొందరిది తెలుగు, ఎక్కువమందిది ఆదివాసీ ఒరియా. వెండి కప్పు దగ్గర మేం ఆపి మాట్లాడితే విన్నారు. వాళ్ళంతట వాళ్ళు ఆపమన్నది వేరేచోట. లోయలో చీమలా పోతున్న బండిని చూపిస్తూ కెమెరా పక్కకి తిరిగి గట్టుమీద నిలబడ్డ అపాచీలను పట్టుకుంటుంది. సంగీతం మారుతుంది, చూసేవాడి గుండె ఝల్లుమనాలి. మా పిల్లలకి ఝల్లుమనలేదు. ఘాట్ రోడ్డు మీద కింద వస్తున్న జీపుని పైనుంచి చూడ్డం వాళ్ళకి రోజూ ఉన్న పని. ఎవరొస్తున్నారు, ఫారెస్టోళ్ళా, షావుకారా, పోలీసులా అని చూస్తారు. కెమెరా ఒక్క క్షణం వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళనే శత్రువులుగా చూపిస్తోందని ఒక విద్యార్థిని అంది. మేం పేజీలకొద్దీ రాయాల్సినది ఆమె ఒక్క మాటలో తేల్చింది.

ఇంకొకరు అడిగిన ప్రశ్న ప్రపంచంలో చాలామంది అడిగినదే. అంత బాగా స్వారీ చేసేవాళ్ళు బండి గుర్రాల్ని కొట్టరేం? అట్లా కొడితే సినిమా అక్కడే అయిపోతుందని ఫోర్డ్ జవాబిచ్చాడంటారు. నవ్వులాటకి అన్నా అది అసలైన జవాబు. ఆదివాసికి బుద్ధి ఉంటే కథ నడవదు. పడిపోతున్న అపాచీలను ఇద్దరు కుర్రాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశారు. బండివైపు హాట్‌ఫీల్డ్ చావుకి మాటలున్నాయి, పీకాక్ గాయానికి పరామర్శ ఉంది. అటువైపు పడ్డవాళ్ళకి ధూళి తప్ప ఏమీలేదు. జెరోనిమో పేరు మొదటి రీలు నుంచి భయపెట్టడానికి పనికొస్తుంది, మనిషికి మాత్రం ఒక్క డైలాగు లేదు. నిజమైన జెరోనిమో 1886లో లొంగిపోయి, 1909లో చనిపోయేదాకా యుద్ధఖైదీగానే బతికాడు.

నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1965లో కేంబ్రిడ్జ్ చర్చలో ఒక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు సినిమాలో గ్యారీ కూపర్ ఇండియన్లను కాలుస్తుంటే తనూ కూపర్ వైపే ఉండేవాడినని, కొన్నాళ్ళకి ఆ ఇండియన్లు తామేనని తెలిసి దిమ్మతిరిగిందని. మన పరిస్థితి ఇంకొంచెం చిక్కు. మనం బండి లోపల డల్లాస్‌మీ అవుతాం, బండి పైనుంచి తుపాకీ పేల్చేవాళ్ళమూ కావచ్చు.

ఖర్చు దగ్గరికి వద్దాం. సినిమాకి అందం తెచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ నవహోల నేల. యూటా, ఆరిజోనా సరిహద్దులో ఉంది. తెరమీద అపాచీలుగా కనిపించేవాళ్ళు కూలికి వచ్చిన నవహోలు. ఒక తెగ పేరు ఇంకో తెగకి తగిలించడం సినిమావాళ్ళకి తప్పనిపించలేదు, అందరూ ఇండియన్లే కదా! గుర్రాల కిందపడి ఈడ్చుకుపోయే ఆ పేరుమోసిన అపాచీ మాత్రం యాకిమా కనుట్ అనే తెల్ల స్టంటు మనిషి. పేరొచ్చే పాట్లు తెల్లవాడు పడితే, మందలో పడిపోయే పని వాళ్ళది. సినిమా చవకగా వచ్చిందంటే ఎక్కడో కొండలూ మనుషులూ చవకగా దొరికారని అర్థం. మన్యంలో దీనికి పాత లెక్క ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడికి అడవి చట్టాల ఒత్తిడితోపాటు ఈ కూలి ఎగవేత కూడా కారణం. ఆ తిరుగుబాటుని అణచడానికి మలబారు పోలీసులతోపాటు ఇంకో కొండప్రాంతం పేరున్న అస్సాం రైఫిల్స్‌ని దించారు. ‘స్టేజ్‌కోచ్’ మొదటి దృశ్యంలో పటాలానికి కబురు తెచ్చేది ఒక షయాన్ మనిషి. అపాచీలంటే అతనికి మనకన్నా మంట అని ఒక అధికారికి నచ్చజెపుతారు. ఎత్తు ఒకటే.

మన తెలుగువాళ్ళం కౌబాయ్‌ని తెచ్చుకున్నప్పుడు ఏంచేశాం? 1971లో కృష్ణ హీరోగా, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది, రచన ఆరుద్ర. అక్కడా నిధి కోసం ఒకర్నొకరు నమ్మని మనుషులు ఎడారిలో పడి తిరుగుతారు. ఆ ఎడారికోసం రాజస్థాన్ దాకా పోయారు. మా మటుకు మాకు చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టుకి ఈల వేయించిన సినిమా అది, ఇప్పుడు చూసినా హుషారుగానే ఉంటుంది. అందులో ఇండియన్లు లేరు. గుర్రం, టోపీ, తుపాకీ వచ్చాయిగానీ కొండమీద నిలబడే మనిషి రాలేదు. మూడేళ్ళు తిరక్కుండా అదే హీరో 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తీశాడు, యుద్ధ సన్నివేశాలకి అదే దాస్ పనిచేశాడు. కొండమీది మనిషి ఆ సినిమాలో వచ్చాడు, హీరో వెనక గుంపుగా. గంటందొర, మల్లుదొరల వేషాలు మైదానం నటులవి. నిజమైన గాం మల్లుదొర శిక్ష అనుభవించి బతికి, 1952లో మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఆ జీవితం మీద ఎవరూ సినిమాస్కోప్ తిప్పలేదు. 2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’ కొమురం భీంని హీరో పక్కన సమానంగా నిలబెట్టినట్టే కనిపించి, చివర రాముడిని ఏం కావాలో అడగమంటే చదువు చెప్పమని అడిగిస్తుంది. గుంపులోంచి శిష్యుడిదాకా వచ్చాడన్నమాట, యాభై ఏళ్ళలో.

ఇక అరకు. తెలుగు సినిమాకి అరకు అంటే పాట. పొగమంచు, వలిసెపూల పసుపు, వెనక థింసా ఆడే ఆడవాళ్ళ వరస. బైలదిల్లా ఇనప రాయిని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీదే అరకు స్టేషన్ ఉంది. దారిలో షిమిలిగూడ సుమారు 996 మీటర్ల ఎత్తు. 2017లో ఈ రైలుకి అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. అదే రైలు జనరల్ పెట్టెలో సంత మూటలతో కొండజనం. లోపలినుంచి అన్నివైపులా చూడ్డానికి వీలుగా కట్టిన ఆ పెట్టెని మించిన స్టేజ్‌కోచ్ ఏ దర్శకుడూ కట్టించలేడు. అద్దంలోంచి కనిపించే నేల ఖాళీగా ఉంటుంది. ఖాళీ అనుకునే బొర్రా, నిమ్మలపాడు వైపు గనుల లీజులిచ్చారు. అది ఖాళీ కాదని, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి లీజుకివ్వడానికి ప్రభుత్వానికి కూడా వీల్లేదని సమత కేసులో సుప్రీంకోర్టు చేత చెప్పించడానికి 1997 జులై దాకా పట్టింది.

దళితులుగా మనకి తప్పించుకోవడానికి వీల్లేని చోటు ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో జీవో నెం.3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు చెప్పిన కారణాల్లో ఒకటి, నూరుశాతం ఇస్తే షెడ్యూల్డ్ కులాలకీ వెనకబడిన కులాలకీ రావాల్సిన వాటా పోతుందని. మన పేరు మీద! మన వాటా గురించి ఏనాడూ నిద్ర చెడని వ్యవస్థకి, ఆదివాసి చేతిలోంచి లాక్కునేటప్పుడు మనం గుర్తొచ్చాం. అపాచీలు వెనకపడినప్పుడు డల్లాస్‌కి బండిలో చోటు దొరికినట్టే ఇది. మొదటి తరం చదువుకున్న దళిత బిడ్డలకి ఏజెన్సీ బడిలో ఉద్యోగం అన్నం ముద్ద, ఆ సంగతి మాకు ఇంట్లోనే తెలుసు. కానీ ఆ కొండ బడిలో ఆదివాసీ ఒరియాలో పిల్లతో మాట్లాడగల టీచరు ఉండాలా వద్దా అన్నది మన వాటాకి ఎదురుగా పెట్టాల్సిన ప్రశ్న కాదు. మన వాటా మైదానంలో, యూనివర్సిటీల్లో, కోర్టుల్లో ఎవరి దగ్గర ఉండిపోయిందో వాళ్ళని అడగాలి. బల్ల ఆ చివర, కిటికీ దగ్గర, చల్లగా కూర్చున్నవాళ్ళని.

ఫోర్డ్ తర్వాత 1964లో ‘షయాన్ ఆటమ్’ తీసి ఇండియన్ల పక్షాన మాట్లాడాడుకదా అనేవాళ్ళున్నారు. మంచిదే. అందులో ముఖ్యమైన షయాన్ వేషాలు రికార్డో మాంటల్బాన్, గిల్బర్ట్ రోలాండ్, డొలోరెస్ డెల్ రియో లాంటి మెక్సికన్ తారలకి ఇచ్చారు. నవహోలు మళ్ళీ వెనక గుంపులోనే.

‘స్టేజ్‌కోచ్’లో ఒక్క అపాచీ ఆడమనిషి ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. అపాచీ వెల్స్ మజిలీ నడిపే క్రిస్ అనే మెక్సికన్ భార్య యాకిమా. రాత్రి ఆరుబయట ఒక పాట పాడుతుంది. అపాచీ మనిషి నోట స్పానిష్ పాట, పాడింది మెక్సికన్ గాయని ఎల్విరా రియోస్. పాట నడుస్తుండగా అక్కడి పశువుల కాపరులు మార్పు గుర్రాలు తోలుకుని పారిపోతారు. తెల్లారేసరికి ఆమె కూడా లేదు, క్రిస్ తుపాకీ, గుర్రం పట్టుకుపోయింది. పెళ్ళాం ఇంకొకతె దొరుకుతుంది, గుర్రం దొరకదని క్రిస్ ఏడుస్తాడు. హాల్లో నవ్వులు పడాలని రాసిన చోటు. మా పిల్లలు నవ్వలేదు. ఆమె ఎటుపోయిందని అడిగారు. కెమెరా ఆమె వెంట పోలేదు, బండితోపాటు లార్డ్స్‌బర్గ్ పోయింది. టూరిస్టుల ముందు ఆడే థింసా అయిపోయాక, డప్పులు సర్దుకుని చీకట్లో ఊరికి నడిచిపోయేవాళ్ళ వెంటకూడా ఏ తెలుగు కెమెరా పోలేదని ఆ రాత్రి వాళ్ళల్లో ఒకరన్నారు. అక్కడినుంచి మాటలు సినిమా వదిలేసి డప్పు కొట్టేవాళ్ళకి రాత్రికి ఎంతిస్తారన్న దగ్గరికి పోయాయి.